అంటువ్యాధి రోజుల్లో జైల్లో ఉన్న మనిషి ఆరోగ్యం కోసం కోర్టుకు పోవడం ఎలా?

నల్లగొండ, మహబూబ్‌నగర్ కోర్టుల్లో ఈ రకం పిటిషన్లు చాలా వేశాను. కరోనా కాలంలో కొట్టివేతకు గురైన వాటిని తలుచుకుంటే ఇప్పటికీ బాధనిపిస్తుంది. మనిషికి జబ్బు నిజంగానే ఉంటుంది, కాగితంలో మాత్రం కనిపించదు. మళ్లీ అట్లాంటి రోగం వస్తే ఇదే తప్పు జరగొద్దు.

కాగితాలు

ఎఫ్‌ఐఆర్ నకలు, రిమాండ్ వివరాలు, పాత ఆసుపత్రి చీటీలు, మందుల బిల్లులు, ఎక్స్‌రేలు కావాలి. పాలమూరు నుంచి వలసపోయి వచ్చిన మనిషైతే పుణెలోనో ముంబైలోనో చూపించుకున్న చీటీలు ఇంట్లో ఏ సంచిలోనో ఉంటాయి, వెతకండి. మర్రిగూడ వైపు ఫ్లోరైడ్‌తో నడుము వంగిన పెద్దమనిషైతే పాత ఎక్స్‌రే తప్పనిసరి. అన్నీ తారీఖుల వరుసలో పెట్టండి.

వకీలు

పైసలు లేవని ఆగొద్దు. 1987 నాటి న్యాయసేవల చట్టం సెక్షన్ 12 ప్రకారం నిర్బంధంలో ఉన్నవాళ్లకు వకీలు ఉచితం, ఆదాయం చూడరు. జిల్లా న్యాయసేవాధికార సంస్థకు పోండి, లేదా 15100కు ఫోన్ చేయండి.

ఏ కోర్టు

ఒక్క మనిషి జబ్బుకైతే ముందు కేసు నడుస్తున్న కోర్టుకే పోవాలి. నాన్‌బెయిలబుల్ కేసుల్లోనూ జబ్బుపడ్డవాళ్లకు, ఒళ్లు సహకరించనివాళ్లకు మేజిస్ట్రేట్ బెయిలు ఇవ్వవచ్చని పాత నేర విచారణ చట్టం (సీఆర్‌పీసీ) సెక్షన్ 437లో ఉండేది. 2024 జులై 1 నుంచి అదే భారతీయ నాగరిక సురక్షా సంహిత 480లోకి వచ్చింది. సెషన్స్ కోర్టుకైతే సెక్షన్ 483. జైలు మొత్తానికి డాక్టరు లేడు, బ్యారక్‌లు కిక్కిరిసినయి అంటే అప్పుడు రాజ్యాంగం 226 అధికరణం కింద హైకోర్టుకు పోవచ్చు. చాలామంది మొదటిరోజే హైదరాబాద్ బస్సెక్కుతారు. హైకోర్టు వాళ్లనే ‘ముందు కింది కోర్టుకు పోయారా’ అని అడిగితే అప్పటికే రోజులు పోయి ఉంటాయి. పైగా ఇక్కడి కోర్టు ఇక్కడి జైలు నుంచి రిపోర్టు తెప్పించుకోవడం తేలిక. నా లెక్కలో ఇదొక్కటే సరైన వరుస.

అసలు చిక్కు: జబ్బును కాగితం మీద పెట్టడం

ఇక్కడ తొందరపడొద్దు.

‘కరోనా ఉంది, సుప్రీంకోర్టు విడిచిపెట్టమంది’ అని ఎప్పుడూ రాయకండి. 2020 మార్చి 23న సుప్రీంకోర్టు చెప్పింది ప్రతి రాష్ట్రం ఉన్నతాధికార కమిటీ వేసి, ఎవరిని మధ్యంతర (తాత్కాలిక) బెయిలు మీదనో పెరోలు మీదనో పంపవచ్చో తేల్చమని. ఏప్రిల్ 13న, తప్పనిసరిగా విడుదల చేయమని తాము చెప్పలేదని కూడా స్పష్టం చేసింది. ‘సుప్రీంకోర్టు విడిచిపెట్టమంది’ అన్న ఒక్క వాక్యం మీద నిలబెట్టిన పిటిషన్లు పేకమేడల్లా కూలాయి. మళ్లీ అట్లాంటి కమిటీ వేస్తే, మీ మనిషి అది చెప్పిన కోవలోకి వస్తే ఆ సంగతి విడిగా చూపించండి, రాకపోతే దాని జోలికి పోకండి.

పిటిషన్‌తోపాటు ఇంకొక దరఖాస్తు వేయాలి: జైలు డాక్టరు నుంచి వైద్య నివేదిక తెప్పించమని. ఊరికే ‘ఆరోగ్య పరిస్థితి’ అని అడిగితే ‘నిలకడగా ఉంది’ అని రెండు మాటల్లో జవాబొస్తుంది. ఆ రెండు మాటలు చాలు కొట్టేయడానికి. అందుకే ప్రశ్నలు మీరే రాసివ్వండి. ఏ జబ్బు, ఎప్పుడు తేలింది? ఏ మందులు ఇస్తున్నారు, ఏవి జైల్లో లేవు? చివరి పరీక్ష ఎప్పుడు? బయటి ఆసుపత్రికి రాశారా, రాస్తే తీసుకుపోయారా? ఈ చివరి ప్రశ్న వదలొద్దు. డాక్టరు రాసినా ఎస్కార్ట్ పోలీసులు దొరక్క మనిషి జైల్లోనే ఉండిపోవడం మామూలుగా జరిగేదే. కేస్‌షీట్ నకలు కూడా అడగండి.

తర్వాత మీ పేరాలో మూడు సంగతులు కలిపి రాయాలి: జబ్బు, దానికి కావలసిన చికిత్స, ఆ చికిత్స ఆ జైల్లో ఎందుకు కుదరదు. షుగర్ ఉంది అంటే చాలదు. ఇన్సులిన్ ఎన్నిసార్లు కావాలి, అది చల్లగా ఎక్కడ పెడుతున్నారు అని రాయాలి. టీబీ అయితే ఏ రోజు నుంచి మాత్రలు తప్పాయో రాయాలి. దొంగ సర్టిఫికెట్ మాత్రం వద్దు. ఒక్కటి బయటపడితే నిజమైన చీటీలను కూడా జడ్జి నమ్మరు.

బెయిలు కుదరకపోతే ప్రభుత్వ ఆసుపత్రిలో చేర్పించమని రెండో కోరికగా తప్పక అడగండి. అది లేక బెయిలుతోపాటు చికిత్స కూడా పోయినవాళ్లున్నారు.

ఆలస్యం ఎంత పని చేస్తుందో చూడండి. విరసం కవి వరవరరావుకు 2020 జులైలో మహారాష్ట్రలోని తలోజా జైల్లో ఉండగా కరోనా సోకింది. బాంబే హైకోర్టు ఆరు నెలల వైద్య బెయిలు ఇచ్చింది 2021 ఫిబ్రవరి 22న. ఆదివాసీల హక్కుల కోసం పనిచేసిన స్టాన్ స్వామి, తన బెయిలు విచారణ తేలకముందే 2021 జులై 5న ఆసుపత్రిలో చనిపోయారు. అందుకే పిటిషన్ మీద ‘అత్యవసరం’ అని రాసి ఊరుకోకుండా, వాయిదా ఎప్పుడో ఆ రోజే అడిగి తెలుసుకోండి.

ఉత్తర్వు వచ్చాక

జామీనుదారులు దొరకడం కష్టమైతే సొంత పూచీకత్తు మీద వదలమని ముందే అడగండి. ఉత్తర్వు నకలు అదే రోజు జైలుకు చేర్చండి. బయటికొచ్చిన మనిషిని మర్నాడే ఆసుపత్రిలో చూపించి ప్రతి చీటీ దాచండి, పొడిగింపు అడగాలంటే అవే ఆధారం.

ఇట్లాంటి బెయిలుకు గడువుంటుంది, అది ముగిసి మళ్లీ జైల్లో లొంగిపోవాల్సిన తారీఖు ఇంట్లో అందరికీ చెప్పండి. కరోనా కాలంలో కమిటీల సిఫారసు మీద వదిలిన వాళ్లంతా 15 రోజుల్లో లొంగిపోవాలని 2023 మార్చి 24న సుప్రీంకోర్టు చెప్పింది. విచారణ ఖైదీలు లొంగిపోయాక మామూలు బెయిలు అడగొచ్చు, శిక్షపడ్డవాళ్లు శిక్ష నిలుపుదల అడగొచ్చు. ఆ పిటిషన్‌ను తారీఖుకు వారం ముందే తయారుచేసి పెట్టుకోండి.