ఎన్‌క్లోజర్‌లో ఎర్ర లైటు: చెడిన డ్రైవ్‌ను గుర్తించి మార్చడం

సమస్య: ఎన్‌క్లోజర్ (పలు డ్రైవ్‌లు పట్టే పెట్టె)లో ఒక అర దగ్గర ఎర్ర లైటు, ఆగని బీప్. ఫైళ్లు తెరుచుకుంటున్నాయి గానీ నత్తనడకన.

రెయిడ్ (పలు డ్రైవ్‌లను ఒకే జట్టుగా వాడే పద్ధతి) 1, 5, 6 అమరికల్లో ఇది ఒక డ్రైవ్ జట్టు నుంచి తప్పుకుందనడానికి గుర్తు. దాన్ని అప్పటికప్పుడు లాగేయకండి. ముందు ముఖ్యమైన ఫైళ్లను వేరే చోటికి కాపీ చేసుకోండి. రీబిల్డ్ (పోయిన డ్రైవ్‌లోని డేటాను కొత్తదానిలో తిరిగి నింపడం) సమయంలో మిగిలిన డ్రైవ్‌లను మొదటి నుంచి చివరిదాకా చదవాల్సి వస్తుంది. ఏళ్లుగా ఎవరూ చదవని మూలన దాగిన చెడ్డ సెక్టార్ (డ్రైవ్‌లో డేటా రాసే చిన్న భాగం) సరిగ్గా అప్పుడే బయటపడుతుంది. రెయిడ్ 5లో ఆ సమయంలో రెండో డ్రైవ్ కూడా పోతే మొత్తం అమరికే కూలిపోతుంది. రెయిడ్ 0లోనైతే ఒక్కటి పోయినా అంతే. కొత్త డ్రైవ్ పెట్టినంత మాత్రాన పాత డేటా రాదు.

సమస్య: లైటు వెలిగింది, కానీ డ్రైవే చెడిందా?

స్మార్ట్ నివేదికలో (డ్రైవ్ తన ఆరోగ్యం గురించి తానే ఇచ్చే నివేదిక) 5, 197, 198 అంకెల వరుసలు చూడండి; ఇవి చెడిన, చదవలేని సెక్టార్ల లెక్కలు. వాటి ముడి విలువలు పెరుగుతుంటే లోపం డ్రైవ్‌లోనే ఉంది. 199 (డేటా బదిలీలో దొర్లిన తప్పుల లెక్క) ఒక్కటే పెరుగుతుంటే కేబుల్‌నో, కనెక్టర్‌నో అనుమానించాలి. ఆ లెక్క ఎప్పటికీ తగ్గదు కాబట్టి, కేబుల్ మార్చాక ఇంకా పెరుగుతోందా లేదా అన్నదే చూడండి. రెండు మూడు డ్రైవ్‌లు ఒకేసారి మాయమైతే ముందుగా పవర్ అడాప్టర్‌ను పరీక్షించాలి.

సమస్య: ఏ డ్రైవ్‌ను తీయాలో తెలియడం లేదు.

నా దృష్టిలో అసలు ప్రమాదం ఇక్కడే ఉంది. కొన్ని పెట్టెల్లో అరల లెక్క 0తో, కొన్నింటిలో 1తో మొదలవుతుంది. సాఫ్ట్‌వేర్ "డ్రైవ్ 2" అన్నంత మాత్రాన రెండో అర అనుకోకూడదు. అక్కడ కనిపించే సీరియల్ నంబర్‌ను రాసుకుని, డ్రైవ్ మీది లేబుల్‌తో అక్షరం అక్షరం సరిచూసుకోండి. హాట్‌స్వాప్ (పవర్ ఆపకుండానే డ్రైవ్ మార్చే వీలు) ఉందని మాన్యువల్ చెప్పకపోతే పవర్ ఆపేసి, డ్రైవ్ లోపలి పళ్లేలు తిరగడం ఆగేదాకా అర నిమిషం ఆగి తీయండి.

సమస్య: కొత్త డ్రైవ్ తిరగడమే లేదు.

కొన్ని కొత్త సాటా (సాధారణ కనెక్టర్ రకం) డ్రైవ్‌లలో పవర్ కనెక్టర్ మూడో పిన్నుకు 3.3 వోల్టులు అందితే డ్రైవ్ ఆగిపోయే ఏర్పాటు ఉంటుంది. పాత ఎన్‌క్లోజర్ ఆ పిన్నుకు ఎప్పుడూ కరెంటు ఇస్తుంటే డ్రైవ్ లేవదు. ఆ ఏర్పాటు లేని డ్రైవ్ తీసుకోవడం మేలు. పిన్ను మీద సన్నని క్యాప్టాన్ టేప్ (కరెంటు పారనివ్వని టేప్) అంటించినా పని జరుగుతుంది.

సమస్య: తిరుగుతోంది, కానీ రీబిల్డ్ మొదలవడం లేదు.

కొత్తది పాతదానికంటే సామర్థ్యంలో కొద్దిగా చిన్నదైనా కంట్రోలర్ (రెయిడ్‌ను నడిపే భాగం) ఒప్పుకోదు. వాడిన డ్రైవ్ అయితే పాత రెయిడ్ గుర్తులు అడ్డుపడతాయి. దాన్ని వేరే కంప్యూటర్‌కు తగిలించి పూర్తిగా తుడిచి తీసుకురండి. కొన్ని పెట్టెల్లో మెనూలోకి వెళ్లి దాన్ని స్పేర్‌గా (పోయినదాని స్థానంలోకి వచ్చే డ్రైవ్‌గా) చేర్చాలి. ఈలోగా కంప్యూటర్ తెర మీద "డిస్క్‌ను ఫార్మాట్ చేయాలా?" అన్న ప్రశ్న వస్తే ఒప్పుకోవద్దు. అది కొత్త డ్రైవ్ గురించి కాకుండా మొత్తం అమరిక గురించి అడుగుతుండవచ్చు.

సమస్య: రీబిల్డ్ ఎంతకీ పూర్తవడం లేదు.

8 టీబీ డ్రైవ్‌ను సెకనుకు 150 ఎంబీ వేగంతో నింపినా దాదాపు 15 గంటలు పడుతుంది. అంతకు ఎన్నో రెట్లు పడుతుంటే కొనుక్కున్నది ఎస్ఎంఆర్ రకమేమో (డేటా వరుసలను ఒకదానిపై ఒకటి కొంత కప్పేలా రాసే రకం) చూడండి. ఆగకుండా రాయాల్సి వచ్చినప్పుడు అది బాగా నెమ్మదిస్తుంది. రెయిడ్‌కు సీఎంఆర్ (వరుసలు ఒకదానిపై ఒకటి పడని రకం) డ్రైవే తీసుకోండి.

లైటు పచ్చగా మారాక ఒకసారి పూర్తి తనిఖీ నడపండి. అది తప్పుల్లేకుండా ముగిసేదాకా తీసేసిన డ్రైవ్‌ను చెరపకుండా దాచి ఉంచండి.