బెండు లేని గాలం

మాది హన్మకొండ. మోటార్ వైండింగ్ షాపు నాది. ఆదివారం వస్తే చెరువు మత్స్యకారుల సొసైటీ వాళ్లకు ఒక మాట చెప్పి చెరువు కట్ట మీద కూర్చుంటాను. పల్లిచెక్క కలిపిన పిండిముద్ద పెడితే బొచ్చెలు, ఎర్రలు గుచ్చితే జెల్లలు. పదిహేనేళ్ల అలవాటు కదా, ఏ నీళ్లయినా ఒకటే అనుకున్నాను. మా బావమరిది చీరాలలో ఉంటాడు. ఆయన పిలిస్తే, చెరువు సామానే మూటగట్టుకొని సూర్యలంక పోయాను. బాపట్ల నుంచి తొమ్మిది కిలోమీటర్లు.

దారాన్ని ముంచే 20 గ్రాముల సీసం గుండు, పైన తేలే ఎర్ర బెండు. విసిరాను. రెండు నిమిషాలు కాలేదు, బెండు, గుండు, రొయ్య అన్నీ కలిసి నా కాళ్ల దగ్గరికే కొట్టుకొచ్చాయి. మళ్లీ విసిరాను, మళ్లీ అంతే. వలలు ఎండబెట్టుకుంటున్న పెద్దాయన ఒకాయన చాలాసేపు చూసి, “దాన్ని చూడటం మానెయ్ బాబూ, కర్ర మొన చూడు” అన్నాడు. నేను నేర్చుకున్నదంతా ఆ మాట నుంచే మొదలైంది.

మన చెరువులో కన్ను బెండు మీద ఉంటుంది. అల కొట్టే ఒడ్డున బెండుతో పని లేదు. గుండు ఇసుకలో కూర్చోవాలి, దారం బిగువుగా ఉండాలి, కబురు కర్ర మొనకు రావాలి. అందుకని ముందు మార్చాల్సింది గుండు. 80 నుంచి 120 గ్రాముల సీసం, గుండ్రంగా కాకుండా పిరమిడ్ ఆకారంలో ఉన్నది తీసుకోండి. గుండ్రటిది దొర్లుతుంది, పిరమిడ్ అంచులు ఇసుకను పట్టుకుంటాయి.

అంత బరువు విసరాలంటే కర్ర 11, 12 అడుగులుండాలి. మూడు ముక్కలుగా విడిపోయేదైతే ఒక్కో ముక్క నాలుగడుగులే. ప్లంబింగ్ దుకాణంలో పీవీసీ పైపు కోయించి, రెండు పక్కలా మూతలు పెట్టి అందులో వేసుకుంటాను. వరంగల్ స్టేషన్‌లో ఎక్కితే చీరాలలో దిగేదాకా బెర్తు కింద పడి ఉంటుంది. రీలు 5000 సైజుది చాలు. దాని మీద 0.35 మిల్లీమీటర్ల తంగూసు, అంటే నైలాన్ దారం, రెండు వందల మీటర్లు.

ఇక్కడే చాలామంది ఒక తప్పు చేస్తారు. సన్న తంగూసుకు నేరుగా గుండు కట్టేస్తారు. 100 గ్రాముల గుండును బలంగా విసిరే క్షణంలో పడే ఝటకాకు ఆ దారం తెగుతుంది, గుండు వడిసెల రాయిలా పోతుంది. పక్కన పిల్లలుంటే ఏమవుతుందో మీరే ఆలోచించండి. అందుకే చివరన 0.60 మిల్లీమీటర్ల లావు తంగూసు ముడేయాలి. దాన్ని లీడర్ అంటారు. 100 గ్రాముల గుండుకు కనీసం 16 కిలోలు ఆగేది కావాలి. పొడవెంతంటే, విసరడానికి సిద్ధంగా పట్టుకున్నప్పుడు రీలు మీద ఇంకా ఐదారు చుట్లు మిగలాలి. ముడి బిగించే ముందు ఉమ్మితో తడపండి. పొడి ముడి రాపిడికి వేడెక్కి బలం పోగొట్టుకుంటుంది.

గుండు అడుగున. దానికి ఒక అడుగు పైన చిన్న ఉచ్చు వేసి, అక్కడి నుంచి జానెడు దారంతో గాలం కట్టాలి. గాలం కింద, గుండు పైన ఉంటే ఎర ఇసుకలో పడి పీతల పాలవుతుంది.

ఎరకు రొయ్య మంచిదే గాని మెత్తన. విసిరినప్పుడే ఊడిపోతుంది. ముందు రోజు రాత్రి రొయ్యల మీద రాతి ఉప్పు చల్లి డబ్బాలో పెడితే గట్టిపడతాయి. తోక వైపు నుంచి గుచ్చి, వంపు వెంట తిప్పి, సన్న ఎలాస్టిక్ దారం నాలుగు చుట్లు చుట్టండి.

ఎక్కడ విసరాలన్నది అన్నిటికన్నా పెద్ద విద్య. వచ్చీ రాగానే కర్ర విప్పకండి. పది నిమిషాలు నిలబడి అలలు చూడండి. రెండు చోట్ల తెల్లగా విరిగి, మధ్యలో ఒకచోట విరగకుండా, నీళ్ల రంగు ముదురుగా కనిపిస్తుంది. అక్కడ అడుగున కాలువలా లోతు ఉంటుంది. మేత కొట్టుకొచ్చేది అటే, చేప తిరిగేదీ అటే. కానీ మనిషిని లోపలికి లాగే ప్రవాహం కూడా అక్కడే ఉంటుంది. గాలం అందులో, మీరు మాత్రం మోకాళ్ల నీళ్లు దాటొద్దు.

ఇంకొకటి. చెరువు నీళ్లు పొద్దున ఎక్కడుంటే సాయంత్రం అక్కడే. సముద్రం అట్ల కాదు. ఒక పోటుకూ మరో పోటుకూ మధ్య సుమారు 12 గంటల 25 నిమిషాలు. అమావాస్యకు, పున్నమికి పోటు పెద్దది. పోటు నిండడానికి రెండు గంటల ముందు నుంచి నిండిన గంట దాకా నాకు అచ్చొచ్చిన వేళ. చిత్రమేమంటే, అలల ఎత్తు ఎంతో ముందుగా చెప్పే ఇన్‌కాయిస్ సంస్థ ఉండేది మన హైదరాబాద్ ప్రగతినగర్‌లో. బయల్దేరే ముందు వాళ్ల సూచన చూస్తాను. ఉధృతంగా ఉందంటే టికెట్ క్యాన్సిల్.

చేప తగిలితే కర్ర మొన టక్ టక్‌మని రెండుసార్లు కొట్టుకొని వంగుతుంది. చెరువు అలవాటు కొద్దీ ఝాడించి లాగుతాం. మొన లోపలికి వంగి ఉండే సర్కిల్ హుక్ కట్టి ఉంటే ఆ పని చేయొద్దు, నోట్లోంచి ఊడొస్తుంది. మెల్లగా చుడుతూ బిగువు పెంచితే మూతి పక్కన అదే గుచ్చుకుంటుంది. డ్రాగ్, అంటే చేప లాగినప్పుడు రీలు ఎంత బిగువుకు దారం వదలాలో సరిచేసే మర, ముందే చూసుకోండి. సామాను తూచే కొక్కెం కాటాకు దారం తగిలించి లాగితే, 8 కిలోలు ఆగే దారానికి రెండు, రెండున్నర కిలోల దగ్గర రీలు జారాలి. మొదటిసారి గొరక చేప పడినప్పుడు చేతిలో పట్టుకుంటే కప్పలా గురగురమంది. భయపడి వదిలేయబోయాను, బావమరిది నవ్వు ఆపుకోలేకపోయాడు.

నవ్వులాట కానిది సముద్రపు జెల్ల. వీపు మీద ఒక ముల్లు, రెక్కల దగ్గర రెండు. మన చెరువు జెల్లలాగే పట్టుకోబోతే బొటనవేలిలో దిగింది, మోచేతి దాకా సలుపు. టీ కొట్టులో వేడి నీళ్లు అడిగి వేలు ముంచితే గాని తగ్గలేదు. ఆ విషం వేడికి విరుగుతుంది. మంచి చేత్తో ముందు పరీక్షించి, ఓర్చుకోగల వేడి, 45 డిగ్రీలు మించకుండా, అరగంట నుంచి గంటన్నర ఉంచాలి. తర్వాత డాక్టర్ దగ్గరికి పోవాలి. టేకు చేప తోక ముల్లుకూ ఇదే మొదటి చికిత్స. చేప నోట్లోంచి గాలం తీసే ప్లయర్ లేకుండా సముద్రానికి పోవద్దు.

ఇంటికొచ్చాక పడుకోవాలనిపిస్తుంది. నేను అట్లనే పడుకున్నా. మూడు వారాలకు తీస్తే రీలు హ్యాండిల్ తిరగలేదు. రోజూ బేరింగులు మార్చేవాణ్ని, నా బేరింగే ఉప్పుకు పట్టేసింది. లీటరు సముద్రపు నీటిలో దాదాపు 35 గ్రాముల ఉప్పుంటుంది మరి. ఇప్పుడైతే అదే రోజు డ్రాగ్ గట్టిగా బిగించి, మంచి నీళ్లు సన్నగా పోస్తాను. పైపుతో గట్టిగా కొట్టొద్దు, బకెట్‌లో ముంచొద్దు, ఉప్పు లోపలికి పోతుంది. నీడలో ఆరాక డ్రాగ్ వదులు చేసి, దారం తిరిగే రోలర్ దగ్గర ఒక్క చుక్క నూనె. కర్రకున్న రింగులు కూడా తుడవండి. వాడిన గాలాలను మాత్రం కొత్తవాటి డబ్బాలో వేయకండి, ఒక్కదాని ఉప్పు చాలు, అన్నీ తుప్పు పడతాయి.