లంబసింగికి తెల్లవారుజామున బండి మీద వెళ్తున్నారా? ముందు ఇవి చూసుకోండి

ఫోన్‌లో 5 డిగ్రీలు అని చూసి ‘ఇంతేగా’ అనుకోకండి. ఆ లెక్క కదలని గాలిది. మన ఒంటిని అంటుకుని పల్చటి వెచ్చటి గాలి పొర ఉంటుంది, ఎదురుగాలి దాన్ని ఎప్పటికప్పుడు ఊడ్చేస్తుంది. 5 డిగ్రీల్లో గంటకు 40 కిలోమీటర్ల వేగంతో వెళ్తే ముఖానికి తగిలే చలి సున్నా దగ్గరో, ఇంకా కిందో ఉన్నట్టే. లంబసింగిని ‘కొర్రబయలు’ అని ఊరికే అనలేదు: బయట పడుకుంటే తెల్లారేసరికి కర్రలా బిగుసుకుపోతారని ఆ మాట!

▢ స్వెట్టర్ ఒక్కటే చాలదు, దాని అల్లికలోంచి గాలి దూరిపోతుంది. పైన రెయిన్‌కోటైనా వేసుకోండి.

▢ గ్లౌజులు తప్పనిసరి. వేళ్లు మొద్దుబారితే ఘాట్ మలుపులో బ్రేక్ సరిగా పట్టలేరు. వణుకు ఆగకపోయినా, మాట తడబడినా బండి ఆపి వెచ్చగా ఉండేచోటికి చేరండి.

▢ మంచుకు తడిసిన సాక్సులు మార్చుకోవడానికి ఇంకో జత. తడి బట్ట ఒంట్లో వేడిని త్వరగా లాగేస్తుంది.

▢ హెల్మెట్ అద్దం దించండి, చెవులు కప్పుకోండి.

▢ పొగమంచులో హైబీమ్ వద్దు. ఎదురుగా తెల్లగోడ తప్ప ఏమీ కనిపించదు.

▢ ‘ఒక పెగ్గేస్తే వెచ్చగా ఉంటుంది’ అనే ఫ్రెండ్ మాట వినకండి. బండి నడపకూడదన్నది సరే, మందు చర్మానికి రక్తాన్ని తోసి ఒంట్లో వేడిని బయటికి పంపేస్తుంది.

▢ వెనక కూర్చున్న పిల్లలు మాట్లాడటం మానేస్తే నిద్ర అనుకోకండి. ఆపి చేతులు పట్టి చూడండి.

బండి గడ్డకడుతుందని మాత్రం టెన్షన్ వద్దు. ఎంత గాలి కొట్టినా, 5 డిగ్రీల్లో ఇంజిన్ 5 కంటే కిందికి పోదు.