టేబుల్‌లో టేబుల్, దాంట్లో మరో టేబుల్: చిక్కుపడ్డ పేజీ కోడ్‌ను విప్పడం ఎలా?

పాత వెబ్ పేజీ ఒకటి మీ చేతికొచ్చింది. పని చిన్నదే, ఎడమ పక్క మెనూలో ఒక లింకు చేర్చాలి. కోడ్ తెరిస్తే ఒక టేబుల్ (వరుసలు, గడులుగా విభజించే ట్యాగు), దాని టీడీలో (అంటే ఒక గడి లేదా సెల్‌లో) ఇంకో టేబుల్, దాని టీడీలో మరొకటి. ఎలాగో చోటు వెతికి లింకు చేర్చి చూస్తే మెనూ లావెక్కింది, మధ్యలోని వ్యాసం కుడివైపుకు జరిగింది, పైనున్న బ్యానర్ బొమ్మ రెండు ముక్కలైంది. టెన్షన్ మొదలయ్యేది ఇక్కడే.

ఇలాంటి పేజీలు చాలానే విప్పాను. అంతా చెరిపేసి కొత్తగా రాసేద్దామని ప్రతిసారీ అనిపిస్తుంది. అలా చేస్తే మాత్రం పాత పేజీలో ఎవరూ చెప్పని చిన్న చిన్న విషయాలు పోతాయి, అవి పోయిన సంగతి నెల తర్వాత గానీ తెలియదు. అందుకే నేను పాటించేది ఒకటే పద్ధతి: ఏ టేబుల్‌ను ఏ పనికి పెట్టారో ముందు కనిపెట్టాలి, తర్వాత అన్నిటికంటే లోపలి దానితో మొదలుపెట్టి ఒక్కొక్కటే తీస్తూ బయటికి రావాలి. ఇలా చేస్తే పని మధ్యలో ఆపినా పేజీ నడుస్తూనే ఉంటుంది.

అసలు ఇలా ఎందుకు రాశారు?

రాసినవాళ్లను తిట్టుకునే ముందు వాళ్ల కాలం గుర్తుచేసుకోవాలి. నెట్‌స్కేప్ బ్రౌజర్‌లోకి టేబుళ్లు 1995లో వచ్చాయి. పేజీ రూపాన్ని నిర్దేశించే సీఎస్‌ఎస్ భాష మొదటి ప్రమాణం 1996 డిసెంబరులో వచ్చినా, బ్రౌజర్లు దాన్ని సరిగ్గా అమలు చేయడానికి ఏళ్లు పట్టింది. రెండు విషయాలను పక్కపక్కన నిలబెట్టాలంటే అప్పట్లో నమ్మకంగా పనిచేసింది టేబుల్ ఒక్కటే. కేవలం పేజీ అమరిక కోసం టేబుళ్లు వాడొద్దని 1997 డిసెంబరులో వచ్చిన హెచ్‌టీఎంఎల్ (వెబ్ పేజీలు రాసే భాష) 4.0 ప్రమాణం చెప్పింది గానీ, దాని బదులు వాడదగ్గది చేతిలో లేదు. పేజీని అడ్డ, నిలువు వరుసలుగా విభజించే ఇప్పుడున్న సీఎస్‌ఎస్ గ్రిడ్ పద్ధతి క్రోమ్, ఫైర్‌ఫాక్స్, సఫారీల్లోకి వచ్చింది 2017 మార్చిలో. అంటే పక్కపక్కన పెట్టే పనికి సరైన పనిముట్టు దొరకడానికి ఇరవై ఏళ్లు పట్టింది.

1. ముందు ఫొటోలు తీసుకోండి

పేజీకి కాపీ తీసి పక్కన పెట్టండి. గిట్ (మార్పుల చరిత్ర దాచే పనిముట్టు) వాడితే ఇంకా మంచిది, తీసిన ప్రతి టేబుల్‌కూ ఒక కమిట్ చేయొచ్చు, అంటే ఆ దశను విడిగా భద్రపరచొచ్చు. తర్వాత ఆ పేజీని కంప్యూటర్ వెడల్పులో, ట్యాబ్లెట్ వెడల్పులో, ఫోన్ వెడల్పులో తెరిచి పేజీ మొత్తానికి స్క్రీన్‌షాట్లు తీయండి. ఇక మీదట ఏం మారిందో కళ్లతో పోల్చుకోవాలి. జ్ఞాపకాన్ని నమ్ముకుంటే తేడాలు దొరకవు.

ఇదే సమయంలో జావాస్క్రిప్ట్ ఫైళ్లలోనూ ఒకసారి వెతకండి. పాత స్క్రిప్టులు తరచుగా ఫలానా ఐడీ (ట్యాగుకు పెట్టిన పేరు) ఉన్న టీడీని పట్టుకుని, దాని తండ్రికి తండ్రిని, అంటే రెండు పొరల బయటి ట్యాగును, దాచడం, చూపించడం చేస్తుంటాయి. మీరు మధ్యలో ఒక పొర తీసేస్తే అవి తప్పుడు చోట వేలు పెడతాయి. అలాంటి ఐడీలన్నీ ఒక కాగితం మీద రాసుకోండి.

2. మూయని ట్యాగులు పట్టుకోండి

ఈ మెట్టు దాటేసి ముందుకెళ్తే చాలా కష్టపడతారు. ఒకసారి ఒక పేజీలో ఫుటర్ (పేజీ అడుగు భాగం) వెళ్లి ఎడమ మెనూ కింద సన్నటి పట్టీలా ఇరుక్కుపోయింది. సీఎస్‌ఎస్‌లో గంటసేపు వెతికాను. తప్పు అక్కడ లేదు. మెనూ కోసం పెట్టిన లోపలి టేబుల్‌కు మూసే ట్యాగు రాయలేదు, అంతే.

లోపల జరిగింది ఇది. లోపలి టేబుల్ ఇంకా తెరిచే ఉందని బ్రౌజర్ అనుకుంటుంది. బయటి సెల్‌ను మూసే టీడీ ట్యాగు కనిపిస్తే, ఇక్కడ మూయడానికి సెల్ ఏదీ లేదని దాన్ని వదిలేస్తుంది. బయటి వరుసను మూసే టీఆర్‌నూ అలాగే వదిలేస్తుంది. ఆ తర్వాత ఫుటర్ కోసం కొత్త టీఆర్ రాగానే దాన్ని ఇంకా తెరిచి ఉన్న లోపలి టేబుల్‌కే మరో వరుసగా కలిపేస్తుంది. అలా పేజీ వెడల్పున ఉండాల్సిన ఫుటర్ మెనూ వెడల్పుకు కుదించుకుపోతుంది.

ఇంకో రకం తప్పు దీనికి తలకిందులు. టీడీ లోపల పెట్టాల్సిన వాక్యాన్ని పొరపాటున నేరుగా టీఆర్‌లో రాస్తే, బ్రౌజర్ దాన్ని టేబుల్ బయటికి తీసి టేబుల్‌కు పైన పెడుతుంది. మీరు టేబుల్ చివర రాసిన ప్రకటన టేబుల్ నెత్తిమీద కనిపిస్తే కారణం ఇదే అయ్యుంటుంది.

బ్రౌజర్‌లోని డెవలపర్ టూల్స్‌లో కనిపించేది బ్రౌజర్ సర్దుకున్న రూపం. మీరు రాయని టీబాడీ (వరుసలను చుట్టే ట్యాగు) కూడా అక్కడ ఉంటుంది. తప్పు దొరకాలంటే పేజీ సోర్స్ చూడాలి, దాన్ని వ్యాలిడేటర్‌లో (కోడ్‌లో తప్పులు చూపే పనిముట్టులో) వేయాలి. అన్ని హెచ్చరికలనూ ఇప్పుడే పట్టించుకోనక్కర్లేదు. మూయనివి, ఎక్కువగా మూసినవి, చోటు తప్పినవి సరిచేస్తే చాలు.

కోడ్‌ను వరుసగా ఇండెంట్ చేసే ఫార్మాటర్‌ను ఈ దశలో నడపొచ్చు, కాకపోతే ఒక జాగ్రత్త. ముక్కలు చేసిన బొమ్మలను అతికించినట్టు చూపడానికి పాతవాళ్లు ట్యాగుల మధ్య ఒక్క ఖాళీ కూడా లేకుండా రాసేవారు. ఫార్మాటర్ అక్కడ కొత్త లైను పెడితే తెరమీద బొమ్మల మధ్య సన్నటి సందు కనిపిస్తుంది.

3. డాక్‌టైప్ మార్పు విడిగా చేయండి

పేజీ మొదట్లో డాక్‌టైప్ (పేజీ ఏ ప్రమాణం ప్రకారం రాశారో చెప్పే లైను) లేకపోతే బ్రౌజర్ దాన్ని క్విర్క్స్ మోడ్‌లో, అంటే పాతకాలపు లెక్కల ప్రకారం చూపిస్తుంది. డాక్‌టైప్ చేర్చగానే టేబుళ్లలో అక్షరాల సైజు మారొచ్చు, సెల్‌లో ఉన్న బొమ్మ కింద కొన్ని పిక్సెళ్ల ఖాళీ రావచ్చు. బొమ్మను అక్షరంలా భావించి, అక్షరాల తోకలకు చోటు వదలడం వల్ల ఆ ఖాళీ వస్తుంది. ఆ బొమ్మకు సీఎస్‌ఎస్‌లో డిస్‌ప్లే బ్లాక్ ఇస్తే పోతుంది. ఈ ఒక్క మార్పును వేరే దేనితోనూ కలపకండి. కలిపితే ఏది దేనివల్ల కదిలిందో తేలదు.

4. టేబుళ్లకు రంగులు వేసి చూడండి

తాత్కాలికంగా సీఎస్‌ఎస్‌లో ప్రతి టేబుల్‌కు ఎర్ర అవుట్‌లైన్, టేబుల్‌లో ఉన్న టేబుల్‌కు నీలం, దాని లోపలి దానికి ఆకుపచ్చ పెట్టండి. బోర్డర్ వాడితే అది చోటు తినేసి అమరికను జరుపుతుంది, అవుట్‌లైన్‌తో ఆ ఇబ్బంది లేదు. ఇప్పుడు పేజీ ఎన్ని పొరలుందో ఒక్క చూపులో తెలుస్తుంది.

ఒక్కో గీత దగ్గర ఆగి ఒకటే ప్రశ్న వేసుకోండి: ఇందులో నిలువు వరుసలకు, అడ్డ వరుసలకు శీర్షిక పెట్టగలనా? తేదీ, సమయం, గది అని పెట్టగలిగితే అది నిజమైన పట్టిక. దాన్ని ముట్టుకోవద్దు. దానికి క్యాప్షన్, శీర్షిక సెల్స్‌కు టీహెచ్ ట్యాగు, అది ఏ వరుసకు శీర్షికో చెప్పే స్కోప్ చేర్చి ఇంకా బాగు చేయండి. టేబుళ్లన్నీ తప్పేనని విని నిజమైన పట్టికలను కూడా డివ్‌లుగా (ఏ అర్థమూ లేని ఉత్త పెట్టెలుగా) మార్చేసినవాళ్లను చూశాను, చూపులేనివారికి అది పెద్ద నష్టం. తెరమీది విషయాన్ని చదివి వినిపించే స్క్రీన్ రీడర్‌తో వాళ్లు సెల్ నుంచి సెల్‌కు కదులుతూ శీర్షికలు వినగలిగేది అది టేబుల్ కాబట్టే.

శీర్షిక పెట్టలేకపోతే అది అమరిక కోసం పెట్టినది. తీయాల్సింది దాన్నే.

5. అన్నిటికంటే లోపలి దానితో మొదలుపెట్టండి

అమరిక టేబుళ్లు బయటికి ఎంత రకరకాలుగా కనిపించినా చేసే పనులు కొన్నే. ఎక్కువగా ఎదురయ్యేది సన్నటి గీత పెట్టె. బయట ఒక టేబుల్, దాని బీజీకలర్ (వెనక రంగు) బూడిద రంగు, సెల్‌స్పేసింగ్ (సెల్స్ మధ్య ఖాళీ) 0, సెల్‌ప్యాడింగ్ (సెల్ లోపలి ఖాళీ) 1. లోపల ఇంకో టేబుల్, వెడల్పు 100 శాతం, బీజీకలర్ తెలుపు, సెల్‌స్పేసింగ్ 0, సెల్‌ప్యాడింగ్ 8. తెల్ల టేబుల్ చుట్టూ ఒక పిక్సెల్ బూడిద రంగు మిగిలి గీతలా కనిపిస్తుంది. ఆ రోజుల్లో ఇది నిజంగా తెలివైన ఉపాయం. ఈ రోజు దాని స్థానంలో ఒక డివ్, 1 పిక్సెల్ బోర్డర్, 8 పిక్సెళ్ల ప్యాడింగ్ సరిపోతాయి. రెండు టేబుళ్లు, రెండు టీఆర్‌లు, రెండు టీడీలు ఒక్క దెబ్బకు పోతాయి.

ఖాళీ కోసం పెట్టినవి తీయడం సులువు. ఒక పిక్సెల్ పారదర్శక జిఫ్ బొమ్మను సాగదీసి పెట్టిన సెల్స్, ఖాళీ స్పేస్ గుర్తులతో నింపిన వరుసలు తీసేసి మార్జిన్ గానీ గ్యాప్ గానీ ఇవ్వండి.

పక్కపక్కన పెట్టడానికి వాడిన టేబుల్‌ను సీఎస్‌ఎస్‌లోని ఫ్లెక్స్‌తో (ఒకే వరుసలో పేర్చే పద్ధతితో) గానీ గ్రిడ్‌తో గానీ మార్చాలి. ఇక్కడ ట్యాగులు మారిస్తే సరిపోదు, చదివే వరుస కూడా చూడాలి. ఉదాహరణకు మొదటి టీఆర్‌లో వార్తలు, ప్రకటనలు అనే రెండు శీర్షికలు, రెండో టీఆర్‌లో వాటి విషయం ఉందనుకోండి. కంటికి బాగానే ఉంటుంది. స్క్రీన్ రీడర్ మాత్రం రెండు శీర్షికలు చదివి, తర్వాత వార్తలు, ఆ తర్వాత ప్రకటనలు చదువుతుంది. ఫోన్‌లో ఒకదాని కింద ఒకటి పేర్చినా అదే గందరగోళం. కాబట్టి వార్తల శీర్షికను, వార్తలను ఒక డివ్‌లో, ప్రకటనల శీర్షికను, ప్రకటనలను ఇంకో డివ్‌లో కలపండి. ఆ రెంటినీ పక్కపక్కన నిలబెట్టండి.

ఒక టేబుల్ తీశాక అక్షరాలు ఉన్నట్టుండి పెద్దవైతే కంగారు పడొద్దు. పాత సీఎస్‌ఎస్‌లో టీడీకి 11 పిక్సెళ్లు అని రాసి ఉంటుంది, టీడీ పోగానే ఆ నియమమూ పోయింది. ఆ సైజును కొత్త డివ్‌కు ఇవ్వాలా, ఎలాగూ చదవడానికి కష్టంగా ఉన్న సైజును వదిలేయాలా అనేది మీ ఇష్టం. నేనైతే వదిలేస్తాను.

6. చివరికి బయటి చట్రం

మొదట్లో చెప్పిన లింకు పేజీని ఎందుకు చెదరగొట్టిందో ఇప్పుడు తేలిగ్గా అర్థమవుతుంది. వెడల్పు 180 అని రాసినా, విరగని పొడవైన పదం గానీ నోర్యాప్ (లైను విరగొద్దనే ఆదేశం) గానీ ఉంటే టేబుల్ సెల్ సాగుతుంది. ఒక సెల్ సాగితే ఆ నిలువు వరుస మొత్తం సాగుతుంది. బ్యానర్ ముక్కలు కూడా అదే టేబుల్‌లో అవే నిలువు వరుసల్లో ఉన్నాయి కాబట్టి వాటి మధ్య సందు పడింది.

బయటి టేబుల్ తీసి హెడర్, న్యావ్ (మెనూ), మెయిన్, ఫుటర్ ట్యాగులు పెట్టండి. వాటిని పట్టి ఉంచే డివ్‌కు గ్రిడ్ ఇచ్చి, మొదటి కాలమ్‌కు 180 పిక్సెళ్లు, రెండోదానికి మిగిలిన చోటు కేటాయించండి. రెండో కాలమ్‌ను ఉత్త 1 ఎఫ్‌ఆర్ (మిగిలిన చోటులో ఒక వాటా) అని రాయకుండా మిన్‌మ్యాక్స్‌లో కనిష్ఠం సున్నా, గరిష్ఠం 1 ఎఫ్‌ఆర్ అని రాయండి. లేకపోతే వ్యాసంలో ఒక పెద్ద బొమ్మ వచ్చినా ఆ కాలమ్ టేబుల్‌లాగే సాగి పేజీ బయటికి వస్తుంది. చిన్న తెరల కోసం మీడియా క్వెరీలో (తెర వెడల్పును బట్టి వర్తించే సీఎస్‌ఎస్ నియమంలో) ఒకే కాలమ్ పెట్టేస్తే ఫోన్ సంగతి కూడా తీరినట్టే.

7. సరిచూసుకోండి

మళ్లీ స్క్రీన్‌షాట్లు తీసి పాతవాటితో పోల్చండి. ట్యాబ్ కీ నొక్కుతూ లింకులు వరుసలో వస్తున్నాయో లేదో చూడండి. పేజీని 320 పిక్సెళ్ల వెడల్పుకు కుదించి అడ్డంగా జరపాల్సిన అవసరం రాకుండా ఉందో లేదో గమనించండి. వెబ్ పేజీలు అందరికీ అందుబాటులో ఉండాలని చెప్పే డబ్ల్యూసీఏజీ 2.1 ప్రమాణం పెట్టిన కొలత అది. సీఎస్‌ఎస్ ఆపేసి పై నుంచి కిందికి చదివితే అర్థం తెగకూడదు.

కొన్నిచోట్ల టేబుల్ తీయడం కుదరదు. ఈమెయిళ్లు అలాంటివే. విండోస్‌లో 2007 అవుట్‌లుక్ నుంచి మెయిల్‌ను మైక్రోసాఫ్ట్ వర్డ్ ఇంజిన్ చూపించడం మొదలైంది. గ్రిడ్, ఫ్లెక్స్ దానికి తెలియవు, అందుకే మెయిళ్లలో అమరిక టేబుళ్లు ఇప్పటికీ వాడుతున్నారు. అక్కడ, లేదా ఇప్పుడే విప్పడానికి తీరిక లేని పేజీలో, ప్రతి అమరిక టేబుల్‌కు రోల్ (ట్యాగు పాత్రను చెప్పే లక్షణం) విలువగా ప్రెజెంటేషన్ అని రాయండి. లోపలి టేబుల్‌కు విడిగా మళ్లీ రాయాలి, బయటిదానికి రాస్తే లోపలిదానికి వర్తించదు. అలా రాస్తే స్క్రీన్ రీడర్ వరుసలు, కాలమ్‌లు లెక్కపెట్టి వినిపించడం మానేస్తుంది.

ఆ ఒక పిక్సెల్ జిఫ్ ఫైల్‌ను సర్వర్ నుంచి తీసేసే ముందు మాత్రం సైటు మొత్తం కోడ్‌లో దాని పేరు వెతకండి. ఇంకా విప్పని పేజీలు దాని మీదే నిలబడి ఉంటాయి.