అమెరికాలో స్టీరింగ్ పట్టేముందు

పిల్లల దగ్గరికి ఆరు నెలలు వస్తున్నాం, ఊరికే ఇంట్లో కూర్చోకుండా మేమే కారు తీసుకుని తిరుగుతాం అనుకునే పెద్దవాళ్లకు ఈ మాటలు. బయల్దేరేముందే ఆర్టీఓ ఆఫీసులో వెయ్యి రూపాయలు కట్టి ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ తీసుకోండి, ఏడాది పనికొస్తుంది. మన లైసెన్సు కూడా వెంట ఉండాల్సిందే. రూల్స్ రాష్ట్రానికో రకం, కాబట్టి మీరు దిగే రాష్ట్రం సంగతి, పిల్లల ఇన్సూరెన్సులో మీరు నడపొచ్చా లేదా అన్నది ముందే కనుక్కోమనండి.

ఎడమకు బదులు కుడివైపు నడపాలని అందరికీ తెలుసు. ట్రాఫిక్ ఉంటే ముందు కారు వెనకాలే పోతాం, ఏం కాదు. అసలు గండం ఖాళీ రోడ్డు మీదే. పొద్దున్నే పాలకని పార్కింగ్‌లోంచి బయటికొస్తే ఎదురుగా ఒక్క బండీ ఉండదు, చెయ్యి దానంతటదే ఎడమకు తిప్పేస్తుంది. పసుపు గీత ఎప్పుడూ మీ ఎడమ పక్కనే ఉండాలి, అదొక్కటి గుర్తుపెట్టుకోండి. ఇండికేటర్ మీట కూడా ఎడమ చేతికే ఉంటుంది, మనం అలవాటుగా కదిపే కుడి చేతి మీట అక్కడ వైపర్లది. మొదటి వారం నేను మలుపు దగ్గరల్లా మండుటెండలో వైపర్లు వేశాను.

స్టాప్ బోర్డు దగ్గర ఎవరూ లేకపోయినా చక్రం పూర్తిగా ఆగాలి. నాలుగు వైపులా బోర్డులుంటే ముందొచ్చినవాళ్లు ముందు, ఒకేసారి వస్తే కుడివైపు వాళ్లు ముందు. ఎదుటివాడు లైటు కొడితే మన దగ్గర "నేనొస్తున్నా, నువ్వాగు" అని కదా, అక్కడ చాలాసార్లు "ముందు మీరు వెళ్లండి" అని. పసుపు స్కూల్ బస్సు ఎర్ర లైట్లు వెలిగిస్తూ ఆగితే వెనకవాళ్లే కాదు, మధ్యలో డివైడర్ లేని రోడ్డయితే ఎదురొచ్చేవాళ్లూ ఆగాలి. హారన్ జోలికి పోవద్దు, తిట్టినట్టు తీసుకుంటారు.

మా నాన్నతో ఎక్కువసేపు వాదించింది పోలీసు విషయంలో. వెనక ఎరుపు, నీలం లైట్లు వెలిగితే కుడి పక్కకు తీసి ఆపి కారులోనే కూర్చోవాలి. మన దగ్గర దిగి ఎస్సై దాకా నడిచెళ్లి "సార్, సార్" అనడం మర్యాద, అక్కడ అదే పని చేస్తే మీదికొస్తున్నారనుకుని కంగారు పడతారు. అద్దం దించి, రెండు చేతులూ స్టీరింగ్ మీద కనబడేలా పెట్టండి, కాగితాలు కావాలంటే "సొరుగులో ఉన్నాయి, తీస్తున్నా" అని చెప్పి నెమ్మదిగా తీయండి. పర్సులోంచి నోటు తీసే ఆలోచన మాత్రం వద్దే వద్దు, ఫైనుతో పోయేది లంచం కేసవుతుంది.

స్పీడు బోర్డులన్నీ మైళ్లలో ఉంటాయి, 65 అంటే మన లెక్కలో దాదాపు 105. ఇక మనవణ్ణి ఒళ్లో కూర్చోబెట్టుకోవడం కుదరదు, పిల్లల కోసం విడిగా బిగించే కార్ సీటులో కూర్చోబెట్టి బెల్టు పెట్టాల్సిందే. ఎంత గుక్కపట్టి ఏడ్చినా ముందు పార్కింగ్ ఉన్నచోట కారు ఆపండి, ఆ తర్వాతే ఎత్తుకోండి.