పాత ఫైళ్ల లెక్క తేలడం లేదా? ‘టోటల్’ ఎన్నిసార్లు వచ్చిందో చూడండి

లైనక్స్‌లో డిస్క్ నిండిపోతున్నప్పుడు, ఏడాది దాటిన ఫైళ్లు ఎంత చోటు తింటున్నాయో చూడటానికి చాలామంది కొట్టే కమాండ్ ఇది:

ఫైండ్ . -ఎంటైమ్ +365 | ఎక్స్‌ఆర్గ్స్ డీయూ -సీహెచ్ | టెయిల్ -1

ఇందులో ఫైండ్ పాతవాటి పేర్లు వెతుకుతుంది, ఎక్స్‌ఆర్గ్స్ ఆ పేర్లను డీయూకి అందిస్తుంది, డీయూ అవి పట్టే చోటు లెక్కేస్తుంది, టెయిల్ చివరి లైన్ మాత్రం చూపిస్తుంది. ఈ ఒక్క లైన్‌లో మూడు లోపాలున్నాయి.

సమస్య: అంకె మరీ ఎక్కువగా వస్తోంది

కారణం: ఫోల్డర్లు వద్దు, ఫైళ్లే కావాలని ఫైండ్‌కి చెప్పే ‘-టైప్ ఎఫ్’ పెట్టలేదు. అన్నిటికన్నా ముందు చూడాల్సింది ఇదే, జనం వదిలేసేదీ ఇదే. లోపల ఫైల్ చేరినా, పోయినా, పేరు మారినా ఫోల్డర్ తేదీ మారుతుంది. ఉన్న ఫైల్‌లోనే రోజూ రాస్తూ పోతే ఆ తేదీ కదలదు. అంటే రెండేళ్ల నాటి ఫోల్డర్‌లో నిన్న కూడా పెరిగిన డేటాబేస్ ఫైల్ ఉండొచ్చు. ఫైండ్ ఆ ఫోల్డర్ పేరు ఇస్తుంది, డీయూ లోపలున్నదంతా కలిపేస్తుంది. ఇదే జాబితాను ఫోల్డర్లతో సహా తీసేసే ‘ఆర్ఎం -ఆర్’కి అప్పగిస్తే నడుస్తున్న డేటాబేస్ కూడా పోతుంది. ‘-టైప్ ఎఫ్’ లేకుండా తీసివేత జోలికి అసలు వెళ్లొద్దు.

సమస్య: అంకె మరీ తక్కువ, లేదా పూటకో రకంగా వస్తోంది

కారణం: ఎక్స్‌ఆర్గ్స్ జాబితాను ముక్కలు చేసింది. ఎక్కువమందిని దెబ్బతీసేది ఇదే. ఎర్రర్ రాదు, వచ్చిన అంకె నమ్మేలా ఉంటుంది, చిన్న ఫోల్డర్‌లో పరీక్షిస్తే సరిగ్గానే వస్తుంది.

గ్నూ ఎక్స్‌ఆర్గ్స్ (లైనక్స్‌లో సాధారణంగా ఉండే రకం) మామూలుగా ఒక్కో కమాండ్‌కి 128 కిలోబైట్లకు మించి పేర్లు ఇవ్వదు. పాత్ (ఫోల్డర్లతో కలిపి ఫైల్ పేరు) సగటున 60 అక్షరాలుంటే, ఒక్క విడతలో పట్టేది సుమారు 2,000 ఫైళ్లే. 50,000 ఫైళ్లుంటే డీయూ పాతిక సార్లు నడుస్తుంది, ప్రతిసారీ తన టోటల్ తాను వేస్తుంది. ‘టెయిల్ -1’ చూపించేది చివరి ముక్క టోటల్ మాత్రమే. ఆ చివరి ముక్కలో 10 ఫైళ్లు మిగలొచ్చు, 1,900 మిగలొచ్చు. అంకె నిలకడగా లేకపోవడానికి కారణం అదే.

టెయిల్ తీసేసి, ‘టోటల్’ ఉన్న లైన్లే చూపే ‘గ్రెప్ టోటల్’ పెట్టి చూడండి. ఇలా వస్తే దొరికినట్టే:

18జీ టోటల్
21జీ టోటల్
1.3జీ టోటల్

అసలు లెక్క 40 జీబీ పైమాటే. టెయిల్ మీకు చూపించింది 1.3.

పరిష్కారం: ఎక్స్‌ఆర్గ్స్‌ని పక్కన పెట్టి, పేర్లను డీయూనే చదువుకోనివ్వండి:

ఫైండ్ . -టైప్ ఎఫ్ -ఎంటైమ్ +365 -ప్రింట్0 | డీయూ -సీహెచ్ --ఫైల్స్0-ఫ్రమ్=- | టెయిల్ -1

డీయూ ఒక్కసారే నడుస్తుంది, టోటల్ ఒక్కటే వస్తుంది. హార్డ్ లింకులున్న (ఒకటికి మించి పేర్లున్న) ఫైల్ కూడా ఒక్కసారే లెక్కలోకి వస్తుంది; ముక్కలైతే ప్రతి ముక్కలోనూ మళ్లీ పడే ప్రమాదం ఉంది. ఎక్స్‌ఆర్గ్స్ పరిమితి పెంచడం పరిష్కారం కాదు, ఫైళ్లు పెరిగాక మళ్లీ అదే కథ. ఎక్స్‌ఆర్గ్స్ బదులు ఫైండ్‌లోనే ఉన్న ‘-ఎగ్జెక్’ చివర ప్లస్ పెట్టినా ముక్కలు తప్పవు. గ్నూ డీయూ లేని చోట ‘డీయూ -కే’ ఇచ్చే మొదటి నిలువు వరుసను ఆక్ అనే కమాండ్‌తో కూడండి.

సమస్య: ‘అలాంటి ఫైల్ లేదు’ అంటోంది

ఫైల్ పేర్లలో ఖాళీలున్నాయి, ఎక్స్‌ఆర్గ్స్ అక్కడ పేరును రెండుగా విడగొడుతోంది. పై కమాండ్‌లోని ‘-ప్రింట్0’తో అదీ తీరిపోతుంది. ‘పర్మిషన్ డినైడ్’ కనిపిస్తే సుడోతో (అడ్మిన్ హక్కులతో) నడపండి, లేకపోతే చదవలేని ఫోల్డర్లన్నీ లెక్కలోకి రాకుండా పోతాయి.

అరుదుగా వచ్చేవి

పాతవన్నీ కొత్తగా కనిపిస్తుంటే, ఎవరో పాత తేదీని నిలిపే ‘-పీ’ లేకుండా కాపీ చేసి ఉంటారు. ఫైళ్ల జాబితా ఇచ్చే ఎల్ఎస్ చూపే సైజు డీయూ లెక్క కన్నా చాలా పెద్దదైతే అది స్పార్స్ ఫైల్, అంటే మధ్యలో ఖాళీ భాగాలకు డిస్క్ మీద చోటు తీసుకోని ఫైల్. డిస్క్ మీద పట్టే చోటుకి డీయూ మాటే నమ్మండి. ఫైళ్లు తీసేసినా, డిస్క్ ఎంత నిండిందో చూపే డీఎఫ్ అంకె తగ్గకపోతే, ఏదో ప్రోగ్రామ్ వాటిని ఇంకా తెరిచి పట్టుకుని ఉంది. ‘ఎల్ఎస్ఓఎఫ్ +ఎల్1’ ఆ ప్రోగ్రామ్ పేరు చెబుతుంది, దాన్ని రీస్టార్ట్ చేస్తే చోటు ఖాళీ అవుతుంది.