ఇంట్లో కాచిన బీరులో తేడా వస్తే: రకాన్ని బట్టి సమస్య, కారణం, పరిష్కారం

అరటిపండు వాసన బవేరియా గోధుమ బీరుకు అందం. అదే పిల్స్‌నర్‌లో (తేటగా ఉండే లేత రంగు బీరు) వస్తే దోషం. అందుకే బీరు తేడాగా అనిపించినప్పుడు ముందు మనం కాచింది ఏ రకమో చూసుకోవాలి, ఆ తర్వాతే కారణం వెతకాలి. కొత్తవారు వెంటనే రెసిపీని అనుమానిస్తారు. నేను మాత్రం ఈస్ట్ (పులియబెట్టే సూక్ష్మజీవి) వేశాక ఫర్మెంటర్ (బీరు పులిసే పాత్ర) ఎంత వేడిలో, ఎన్నాళ్లు ఉందని అడుగుతాను. దోషం ఎక్కువసార్లు అక్కడే దొరుకుతుంది.

అమెరికాలో 1978లో అధ్యక్షుడు కార్టర్ సంతకం చేసిన చట్టంతో సొంత వాడకానికి ఇంట్లో బీరు కాచుకోవడానికి ఫెడరల్ అనుమతి వచ్చింది: ఒక్కరున్న ఇంటికి ఏడాదికి 100 గ్యాలన్లు, ఇద్దరు పెద్దలున్న ఇంటికి 200. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో లైసెన్సు లేకుండా కాయడం ఎక్సైజ్ చట్టం ప్రకారం నేరం. కాబట్టి ఇది అనుమతి ఉన్న దేశాల్లో ఉంటున్న తెలుగువారి కోసం. కొలతలు 19 లీటర్లకు, వేడి సెల్సియస్ డిగ్రీల్లో.

రోజు గడిచినా బుడగలు లేవు

బకెట్ మూత సందుల్లోంచి గ్యాస్ పోతుంటే ఎయిర్‌లాక్‌లో (గ్యాస్‌ను బయటికి వదిలి గాలిని లోపలికి రానివ్వని గొట్టం) బుడగలు కనిపించవు. ద్రవం సాంద్రత కొలిచే హైడ్రోమీటరు పెట్టి చూడండి. అంకె తగ్గుతుంటే పని జరుగుతున్నట్టే. చల్లగా మొదలుపెట్టిన లాగర్‌కు (తక్కువ వేడిలో పులిసే రకం) రెండు మూడు రోజులు పట్టడం మామూలే. చలికాలంలో ఇడ్లీ పిండి ఆలస్యంగా పొంగినట్టే. మూడు రోజులైనా అంకె కదలకపోతే ఈస్ట్ పాతదై ఉండాలి, లేదా వేడి తగ్గని వర్ట్‌లో (ఇంకా పులియని తీపి ద్రవం) వేయడంవల్ల చచ్చిపోయి ఉండాలి. కొత్త పొడి ఈస్ట్ వేయండి. ఎయిల్‌కు (గది వేడిలో పులిసే రకం) ఒక ప్యాకెట్ చాలు, లాగర్‌కు రెండు కావాలి.

హైడ్రోమీటరు అంకె 1.020 దగ్గర ఆగిపోయింది

పాల చక్కెర వేసిన మిల్క్ స్టౌట్ అయితే అక్కడ ఆగడం సహజం, ఈస్ట్ ఆ చక్కెరను తినలేదు. ఐపీఏ (చేదు, సువాసన ఇచ్చే హాప్స్ పూలు ఎక్కువ వేసిన ఎయిల్) అయితే రెండు కారణాలు. గది చల్లబడి ఈస్ట్ అడుగున పడుకుని ఉండొచ్చు: ఫర్మెంటర్‌ను 20, 21 డిగ్రీలకు తెచ్చి, గాలి కలవకుండా మెల్లగా తిప్పండి. లేదా మాల్ట్‌ను (మొలకెత్తించి ఎండబెట్టిన ధాన్యం) 70 డిగ్రీల దగ్గర నానబెట్టి ఉంటారు. అప్పుడు పులియని పిండి చక్కెరలు మిగిలిపోతాయి, మరింత ఈస్ట్ వేసినా ఫలితం ఉండదు. ఈసారికి అలాగే తాగి, వచ్చేసారి 65 డిగ్రీల దగ్గర నానబెట్టండి.

లాగర్‌లో వెన్న వాసన

ఇది డయాసిటైల్ అనే రసాయనం. ఈస్ట్ వదిలిన ఒక పదార్థం బీరులో మెల్లగా డయాసిటైల్‌గా మారుతుంది, దాన్ని ఈస్టే తిరిగి తినేస్తుంది. ఆ పని పూర్తికాకముందే ఫ్రిజ్‌లో పెట్టేస్తే వెన్న మిగిలిపోతుంది. పులియడం ముగింపుకొస్తుండగా 18 డిగ్రీలకు పెంచి రెండు మూడు రోజులు ఉంచండి.

అది చాలిందో లేదో నాలుకను నమ్మి తేల్చకండి. రెండు చిన్న గ్లాసుల్లో బీరు తీసి మూత పెట్టండి. ఒకదాన్ని 65 డిగ్రీల వేడి నీళ్లలో 20 నిమిషాలు ఉంచి, చల్లార్చి, రెండూ వాసన చూడండి. వేడి చేసిన గ్లాసులోనే సినిమా హాలు పాప్‌కార్న్ వాసన వస్తే బీరు ఇంకా సిద్ధం కాలేదు. మరో రెండు రోజులు ఆగి మళ్లీ పరీక్షించండి. లాగర్ కాసే ప్రతి ఒక్కరూ దీన్ని అలవాటు చేసుకోవాలని నా కోరిక.

వెన్నతోపాటు పులుపు కూడా పెరుగుతుంటే అది బ్యాక్టీరియా పని. బీరు పారబోసి, ప్లాస్టిక్ గొట్టాలు మార్చండి.

పిల్స్‌నర్‌లో ఉడికిన మొక్కజొన్న వాసన

పిల్స్‌నర్ మాల్ట్‌ను మూత పెట్టి మరిగించడంవల్ల వస్తుంది. మూత తీసి 90 నిమిషాలు జోరుగా మరిగించి, త్వరగా చల్లార్చాలి.

గోధుమ బీరులో అరటి లేదు, లేదా అరటి తప్ప ఏమీ లేదు

మామూలు ఎయిల్ ఈస్ట్ వేస్తే అరటి రాదు, బవేరియా గోధుమ ఈస్టే కావాలి. దాన్ని 17 డిగ్రీల దగ్గర పులియబెడితే లవంగం ఘాటు ముందుకొస్తుంది, 22 దగ్గర అరటి పెరుగుతుంది.

గొంతులో మంట, మందుల ఘాటు

వేడి ఎక్కువైంది. టెక్సాస్ వేసవిలో గరాజ్‌లో మామూలు ఎయిల్ ఈస్ట్ నిలవదు. నీళ్ల తొట్టిలో పెట్టి చల్లబరచండి, లేదా 35 డిగ్రీల్లోనూ శుభ్రంగా పనిచేసే నార్వే క్వైక్ ఈస్ట్ వాడండి. డెట్టాల్, బ్యాండేజీ వాసన అయితే కారణం కుళాయి నీళ్లలోని క్లోరిన్. కాయడానికి ముందే నీళ్లలో పావు క్యాంప్డెన్ మాత్ర (క్లోరిన్‌ను పోగొట్టే సల్ఫైట్ మాత్ర) పొడిచేసి కలపాలి. వాసన వచ్చాక మాత్రం తీయలేం.

హేజీ (మసకగా ఉండే) ఐపీఏ రంగు ముదిరి, హాప్స్ సువాసన పోయింది

గాలి తగిలింది. సీసాల్లో నింపేటప్పుడు గొట్టం అడుగుదాకా దించండి, పైనుంచి పోయకండి. ఫ్రిజ్‌లో ఉంచి త్వరగా తాగండి. ఇది దాచుకునే బీరు కాదు.

మూత తీయగానే నురగ ఎగజిమ్ముతోంది

దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు, సీసా పేలితే కళ్లు పోవచ్చు. కళ్లద్దాలు, మందపాటి చేతి తొడుగులు వేసుకుని, సీసాలన్నీ ఫ్రిజ్‌లో పెట్టి, బాగా చల్లబడ్డాక మూతలు కొద్దిగా వదులు చేసి గ్యాస్ తీసేయండి. కారణం సాధారణంగా తొందరపాటే. రెండు మూడు రోజుల తేడాతో హైడ్రోమీటరు ఒకే అంకె చూపాకే సీసాల్లో పోయాలి. సీసాల్లో గ్యాస్ పుట్టడానికి కలిపే చక్కెర కూడా రకాన్ని బట్టే: ఇంగ్లిష్ బిట్టర్‌కు 65 గ్రాములు, అమెరికన్ ఎయిల్‌కు 110. గోధుమ బీరుకు 180 దాటుతుంది కాబట్టి, దాన్ని మందపాటి సీసాల్లో తప్ప పోయకండి.